గిటార్‌లో గుర్రుమనే శబ్దం: ముందు చోటు పట్టుకోండి, తర్వాత పర్సు తీయండి

(గిటారిస్టులు, సౌండ్ పని చేసేవాళ్ల ముందు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరసకు వినబడుతోందా? సరే. మైకు కొంచెం దూరంగానే పెట్టుకుంటాను. ఎందుకో తర్వాత చెబుతాను, మైకుకూ మన సబ్జెక్టుకూ పెద్ద సంబంధమే ఉంది.

ఇక్కడ ఒక స్ట్రాట్ మోడల్ ఎలక్ట్రిక్ గిటార్ ఉంది. దాన్నుంచి కేబుల్ శబ్దాన్ని గరుకుగా మార్చే ఈ డిస్టార్షన్ పెడల్‌కి, అక్కణ్నుంచి ఈ ఆంప్‌కి, అంటే ఆంప్లిఫయర్‌కి. నేనేమీ వాయించను. ఊరికే పెడల్ ఆన్ చేస్తాను, వినండి. విన్నారా? గుర్రుమంటోంది. ఇప్పుడు తీగల మీద అరచెయ్యి పెడుతున్నాను. తగ్గింది. తీసేశాను, మళ్లీ వచ్చింది. ఇప్పుడు కుర్చీలో కూర్చునే మెల్లగా అటు తిరుగుతాను. చూశారా, ఆ కిటికీ వైపు తిరిగేసరికి దాదాపు పోయింది. ఆంప్ వైపు తిరిగితే రెట్టింపైంది. నేను ఒక్క నాబ్ కూడా ముట్టుకోలేదు. ఏమీ కొనలేదు, ఏమీ మార్చలేదు. అయినా శబ్దం ఇన్ని వేషాలు వేసింది. ఈ ఒక్క నిమిషంలోనే సగం రోగం సంగతి తెలిసిపోయింది. ఎలాగో చెబుతాను.

నా దగ్గరకు రిపేరుకు వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే ఏదో ఒకటి కొనేసే వస్తారు. ఒకరు వాయించనప్పుడు శబ్దాన్ని మూసేసే నాయిస్ గేట్ కొంటారు, ఒకరు తీగల కింద ఉండే పికప్‌లు మార్పిస్తారు, ఒకరు ఏకంగా ఆంపే మారుస్తారు. గుర్రు మాత్రం కొత్త ఆంప్‌లోకీ వచ్చేస్తుంది. ఎందుకు రాదు? అది ఆంప్‌లో పుడితే కదా ఆంప్‌తో పోవడానికి! అందుకే ఇవాళ నేను చెప్పేదంతా ఒకటే. శబ్దం ఎక్కడ దూరుతోందో ముందు కనిపెట్టండి. కనిపెట్టడానికి పైసా ఖర్చు లేదు. తర్వాత కొనాలో వద్దో ఆలోచిద్దాం. సగం సార్లు కొనక్కర్లేదు.

మొదట చెవితో చేసే పని. మీ శబ్దం ఎలాంటిది? నున్నగా, లోతుగా 'ఊమ్' అంటోందా? దాన్ని హమ్ అంటాం. గరగరగా, రంపం కోసినట్టు 'జ్‌జ్‌జ్' అంటోందా? అది బజ్. సన్నగా కీచుమంటోందా? ఉస్సుమంటోందా? కదిలిస్తే చిటపటమంటోందా? ఇవన్నీ వేర్వేరు జబ్బులు. 'అన్నా, నాయిస్ వస్తోంది' అని ఫోన్ చేస్తే నేను చెప్పగలిగింది ఏమీ ఉండదు.

మన దేశంలో కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. అంటే 50 హెర్ట్జ్. అది నేరుగా దూరితే 50 హెర్ట్జ్ హమ్ వస్తుంది. అదే కరెంటు ఆంప్ లోపల డీసీగా మారేటప్పుడు సరిగా వడకట్టకపోతే 100 హెర్ట్జ్ వస్తుంది. ఈ రెండింటికీ తేడా ఎలా తెలుస్తుంది? మీ చేతిలో గిటార్ ఉంది కదా. ఆరో తీగ, మూడో ఫ్రెట్ నొక్కండి. అది జీ నోట్, 98 హెర్ట్జ్. మీ ఆంప్ చేసే శబ్దం దానికి దగ్గరగా, ఒక్క పిసరు పైన ఉంటే అది 100. ఆ నోటుకి సరిగ్గా కింది ఆక్టేవ్‌లో, బేస్ గిటార్‌లో వినిపించేటంత లోతుగా ఉంటే అది 50. ఒక్కటి గుర్తుంచుకోండి. అమెరికా వాళ్ల వీడియోలు చూసి 60, 120 హెర్ట్జ్ అని వెతక్కండి. వాళ్ల కరెంటు 60 హెర్ట్జ్. అక్కడి హమ్ బీ నోట్ దగ్గర పలుకుతుంది, మనది జీ దగ్గర. ఇంకా అనుమానంగా ఉంటే ఫోన్‌లో స్పెక్ట్రమ్ చూపించే యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. స్పీకర్ ముందు పెట్టి చూడండి, గీత ఎక్కడ లేచిందో తెలిసిపోతుంది.

ఇక వెతికే పద్ధతి. అందరూ గిటార్ దగ్గర మొదలుపెడతారు. నేను ఆంప్ దగ్గర మొదలుపెట్టమంటాను. ఆంప్‌లోకి వెళ్లే కేబుల్ పీకెయ్యండి. ఏదీ గుచ్చకుండా ఆంప్ ఒక్కటే ఆన్ చేసి వాల్యూమ్ పెంచండి. ఇప్పుడూ గుర్రుమంటోందా? అయితే గిటార్‌కీ పెడల్స్‌కీ ఆ పాపంలో వాటా లేదు. ఆంప్ అయినా కావాలి, దానికి వచ్చే కరెంటైనా కావాలి. వాల్యూమ్ పూర్తిగా సున్నా చేసినా 100 హెర్ట్జ్ హమ్ తగ్గకపోతే లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయి ఉండొచ్చు. పాత ఆంప్‌లలో ఇది మామూలే. మీరు మాత్రం విప్పకండి. ట్యూబ్ ఆంప్ అయితే అసలే వద్దు. అందులో 400 వోల్టుల పైన కూడా ఉండొచ్చు, ప్లగ్గు పీకిన తర్వాత కూడా కెపాసిటర్లలో ఆ చార్జీ చాలాసేపు నిలబడి ఉంటుంది. ప్లగ్గు తీసేశాం కదా అని వేలు పెట్టినవాళ్లు ఎగిరిపడ్డారు.

ఆంప్ ఒక్కటే ఉన్నప్పుడు నిశ్శబ్దంగా ఉందనుకోండి. మంచిది. ఇప్పుడు గిటార్ నేరుగా ఆంప్‌కి. పెడల్స్ వద్దు. గిటార్ వాల్యూమ్ సున్నా చెయ్యండి. మామూలు వైరింగ్‌లో వాల్యూమ్ సున్నా అంటే సిగ్నల్ వైరు గ్రౌండ్‌కి, అంటే సిగ్నల్ తిరిగి వెళ్లే వైరుకి కలిసిపోవడమే. పికప్‌ల నుంచి ఏమీ రాదు. అయినా శబ్దం ఉందంటే కేబుల్‌ని అనుమానించండి. జాక్ పిన్ను దగ్గర మెల్లగా వంచి చూడండి. చిటపటమన్నా, ఒక్కసారిగా బజ్ లేచినా అక్కడ సోల్డరింగ్ ఊడింది, లేదంటే షీల్డ్ జాలీ, అంటే లోపలి వైరును చుట్టి కాపాడే లోహపు అల్లిక తెగింది. పిన్ను మూత తిప్పి చూస్తే సంగతి తెలుస్తుంది. మంచి సోల్డరింగ్ మెరుస్తూ ఉంటుంది. మసకబారి, గుల్లగా ఉంటే దాన్ని మళ్లీ కరిగించాలి. మన దగ్గర ఇంకో అలవాటు ఉంది. కేబుల్ తెగితే స్పీకర్ వైరు ముక్క తెచ్చి రెండు పిన్నులు అతికించేస్తారు. స్పీకర్ వైరుకి షీల్డ్ ఉండదు. అది గిటార్‌కి వేశారంటే మీటర్ల పొడవు యాంటెన్నా వేసినట్టే. విశాఖ, కాకినాడ వైపు నుంచి వచ్చినవాళ్లకు ఇంకొకటి చెప్పాలి. ఉప్పుగాలికి పిన్నులు నల్లబడతాయి. పొడి గుడ్డతో గట్టిగా తుడవండి. సాకెట్‌లోకి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పిన్నును పదిసార్లు లోపలికీ బయటికీ ఆడించండి. ఇంత చిన్న పనికి రిపేరు షాపు దాకా వచ్చేవాళ్లున్నారు.

ఇప్పుడు గిటార్ వాల్యూమ్ పెంచండి. వాల్యూమ్‌తో పాటే గుర్రు కూడా పెరిగిందంటే అది గిటార్ లోపల నుంచి వస్తోంది. ఇందాక మనం విన్నది ఇదే. ఈ పికప్‌లో ఏముందో తెలుసా? అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగ, 7 వేల నుంచి 8 వేల చుట్లు. పైన గిటార్ తీగ కదిలితే ఆ రాగి చుట్టలో చిన్న వోల్టేజీ పుడుతుంది. అది మనకు కావలసింది. గోడలోని వైరింగ్, ఆంప్ ట్రాన్స్‌ఫార్మర్, తలమీది ట్యూబ్‌లైట్ చోక్, వీటి అయస్కాంత క్షేత్రం కూడా అదే చుట్టలో వోల్టేజీ పుట్టిస్తుంది. అది మనకు అక్కర్లేనిది. చుట్టకి తేడా తెలియదు కదా. అందుకే తిరిగినప్పుడు శబ్దం మారింది. క్షేత్రానికి అడ్డంగా నిలబడితే ఎక్కువ దూరుతుంది, వారగా నిలబడితే తక్కువ. ఇది పాడైన గిటార్ కాదు. సింగిల్ కాయిల్ పికప్ పుట్టుకే అంత. స్టేజీ మీద ఆంప్‌కి కనీసం రెండడుగులు దూరం జరగండి, హమ్ తక్కువ వచ్చే దిక్కు వెతుక్కుని అటు తిరిగి నిలబడండి. రికార్డింగ్ చేసేటప్పుడు పెద్ద పెద్దవాళ్లు కూడా ఇదే చేస్తారు.

దీనికి మందు 1950లలోనే కనిపెట్టారు. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ అనే ఇంజినీరు 1955లో పేటెంటుకి దరఖాస్తు పెట్టారు, 1959లో వచ్చింది. అదే హంబకర్. రెండు చుట్టలు పక్కపక్కనే. ఒకదాని చుట్లు ఇటైతే రెండోదానివి అటు. బయటి హమ్ రెండింట్లోనూ సమానంగా దూరుతుంది, చుట్లు ఎదురెదురు కాబట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. మరి తీగ శబ్దం కూడా కొట్టుకుపోవాలి కదా? పోదు. ఎందుకంటే ఆయన రెండో చుట్టలో అయస్కాంతం ధ్రువాలు కూడా తిరగేశారు. రెండుసార్లు తిరగేస్తే మళ్లీ మామూలే. తీగ శబ్దం కూడుకుంటుంది, హమ్ మాత్రం పోతుంది. నాకు ఈ రంగంలో ఇంతకన్నా అందమైన ఉపాయం ఇంకోటి కనబడలేదు. ఇప్పుడొచ్చే చాలా స్ట్రాట్ రకం గిటార్లలో నడిమి పికప్‌ని ఇలాగే తిరగేసి చుడుతున్నారు. ఇదిగో, నడిమి పికప్ పక్కదానితో కలిసి పలికేలా స్విచ్ రెండో పొజిషన్‌లో పెడుతున్నాను. పోయింది. నాలుగో పొజిషన్... ఇక్కడా పోయింది. ఒకటి, మూడు, ఐదులో మళ్లీ హాజరు. మీ గిటార్‌లో కూడా ఇలాగే అయితే బెంగ పెట్టుకోకండి, అది తయారైనట్టే ఉంది.

మరి చెయ్యి పెడితే ఎందుకు తగ్గింది? అది వేరే సంగతి. అది హమ్ కాదు, బజ్. మన ఒళ్లు కూడా యాంటెన్నానే. గోడల్లోని 230 వోల్టుల విద్యుత్ క్షేత్రాన్ని మనం పట్టుకుని, పికప్ పక్కనే కూర్చుని, దానికి అంటిస్తాం. గిటార్ బ్రిడ్జి కింద నుంచి ఒక వైరు గ్రౌండ్‌కి వెళ్తుంది. తీగ ముట్టుకోగానే మన ఒళ్లు ఆ వైరు ద్వారా గ్రౌండ్ అయిపోతుంది, బజ్ తగ్గుతుంది. అందుకని ముట్టుకుంటే తగ్గడం మంచి లక్షణమే. తీగలు ముట్టుకుంటే మారకుండా, జాక్ లోహం ముట్టుకుంటే మాత్రం తగ్గితే బ్రిడ్జి వైరు తెగింది. ముట్టుకున్నప్పుడు పెరిగితే జాక్ దగ్గర రెండు వైర్లు తారుమారయ్యాయి, లేదా కరెంటు ఎర్త్‌లో తేడా ఉంది. ముట్టుకుంటే వేళ్లకు జివ్వుమంటే? అప్పుడు గిటార్ కింద పెట్టేయండి. ఆ విషయానికి వస్తున్నాను.

రాగి టేపుతో షీల్డింగ్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పికప్‌లు, నాబ్‌ల కింది పాట్లు ఉండే గుంతకి లోపలంతా రాగి టేపు అతికించి గ్రౌండ్‌కి కలుపుతారు. బజ్ బాగా తగ్గుతుంది. హమ్ తగ్గదు. రాగి రేకు విద్యుత్ క్షేత్రాన్ని ఆపుతుంది కానీ 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రం దానిలోంచి దర్జాగా వెళ్లిపోతుంది. టేపు ముక్కలు ఒకదానికొకటి కరెంటుపరంగా కలిశాయో లేదో మల్టీమీటర్ పెట్టి చూడాలి. కలవని ముక్క ఉంటే అది షీల్డ్ కాదు, ఉత్త అలంకారం.

ఇప్పుడు ఒక ప్రయోగం. తమ్ముడూ, ఆ స్విచ్‌బోర్డు దగ్గర ఉన్నావు కదా, ఆ ఫ్యాన్ రెగ్యులేటర్ సగానికి తిప్పు. అదిగో! విన్నారా, రంపం కోత మొదలైంది. ఇంకా తగ్గించు. మారింది. ఇప్పుడు ఫుల్ పెట్టు. తగ్గిపోయింది. ఇది గుండ్రంగా ఆగకుండా తిరిగే రకం ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్. లోపల ట్రయాక్ అనే భాగం కరెంటు అలను సెకనుకు వందసార్లు మధ్యలో తెగ్గొడుతుంది. తెగ్గొట్టినప్పుడల్లా ఒక చురుకైన పోటు పుడుతుంది, అది వైరింగ్ అంతా పాకుతుంది. లైట్ డిమ్మర్లదీ ఇదే కథ. టక్ టక్‌మని ఒకటి, రెండు, మూడు అని పడే స్టెప్ రెగ్యులేటర్లు చాలావరకు కెపాసిటర్ రకం, వాటితో ఈ గోల ఉండదు. మీ గదిలో ప్రాక్టీసు చేసేటప్పుడు బజ్ వస్తుంటే ఆంప్ ఆన్‌లో ఉంచి ఇంట్లో ఒక్కొక్కటే ఆపుతూ రండి. ఫ్యాను, ఎల్‌ఈడీ బల్బు, టీవీ, సెట్‌టాప్ బాక్స్, ఫోన్ చార్జర్. ఒకదాని దగ్గర ఠక్కున ఆగుతుంది. దొంగ దొరికాడు. పండగ రోజుల్లో అయితే సీరియల్ సెట్లు కూడా చూడండి.

కరెంటు పోయినప్పుడు మాత్రమే బజ్ వస్తోందని ఒకబ్బాయి అడిగాడు ఈ మధ్య. కరెంటు పోతే శబ్దం కూడా పోవాలి కదా అంటాడు! పోయాక ఇన్వర్టర్ మీద నడుస్తోంది నాయనా. చవక ఇన్వర్టర్లు ఇచ్చేది నున్నటి అల కాదు, మూలలు తేలిన స్క్వేర్ వేవ్. ఆ మూలలే స్పీకర్‌లో బజ్‌గా వినబడతాయి. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఈ బాధ చాలా తగ్గుతుంది. ఒక్క గిటార్ కోసం ఇన్వర్టర్ మార్చమని ఇంట్లో అడిగే ధైర్యం ఉంటే మీ ఇష్టం.

పెడల్స్ దగ్గరికి వద్దాం. ఒక్కొక్క పెడల్‌నీ తీసి, ఒక్కొక్కటే కలుపుతూ వినాలి. అంతే. చాలాసార్లు తేలేది పెడల్ తప్పు కాదు, అడాప్టర్ తప్పు. ఒకే అడాప్టర్ నుంచి తోకలు తోకలుగా ఐదారు పెడల్స్‌కి ఇస్తాం కదా. అందులో ఒక డిజిటల్ డిలే, అంటే ప్రతిధ్వని పుట్టించే పెడల్ ఉందనుకోండి. దానిలోని చిప్ కరెంటును గుక్కలు గుక్కలుగా లాగుతుంది. ఒకే పైపు మీద రెండు పోర్షన్లున్న ఇల్లు చూశారుగా, కింద వాళ్లు కుళాయి తిప్పినప్పుడల్లా పైన వాళ్ల ధార సన్నబడుతుంది. అలాగే డిజిటల్ పెడల్ గుక్క వేసినప్పుడల్లా పక్కనున్న డిస్టార్షన్ పెడల్‌కి సప్లై కదులుతుంది. డిస్టార్షన్ ఆ కదలికను వెయ్యి రెట్లు పెంచి 'కీ' అని వినిపిస్తుంది. పరీక్ష చాలా తేలిక. ఆ పెడల్‌కి అడాప్టర్ పీకేసి 9 వోల్టుల బ్యాటరీ పెట్టండి. కీచు ఆగిందా, తప్పు సప్లైదే. అప్పుడు ఐసోలేటెడ్ పవర్ సప్లై, అంటే ఒక్కో పెడల్‌కీ విడివిడిగా కరెంటిచ్చేది కొనండి. ఇది మాత్రం కొనదగ్గ వస్తువే, నేను వద్దనను. చవక సప్లైల మీద కూడా ఐసోలేటెడ్ అని రాసేస్తుంటారు. ఒక అవుట్‌పుట్ గ్రౌండ్‌కీ, ఇంకో అవుట్‌పుట్ గ్రౌండ్‌కీ మధ్య మల్టీమీటర్ పెట్టండి, కంటిన్యుటీ బీప్ కొడితే అవి విడివిడిగా లేవు.

ల్యాప్‌టాప్‌లో రికార్డింగ్ చేసుకునేవాళ్లకి ఒక్క మాట. చార్జర్ పీకి, బ్యాటరీ మీద నడిపి చూడండి. శబ్దం పోయిందంటే ఇంకెక్కడా వెతకక్కర్లేదు.

ఎర్త్ సంగతి

ఇప్పుడు అసలు విషయం. ఇందాకటిదాకా చెప్పిందంతా మర్చిపోయినా ఇది మాత్రం మర్చిపోకండి.

త్రీపిన్ ప్లగ్గులో పైన లావుగా, మిగతా రెండింటికన్నా పొడుగ్గా ఒక పిన్ను ఉంటుంది. పొడుగు ఎందుకు? గుచ్చేటప్పుడు అన్నిటికన్నా ముందు అది తగలాలి, పీకేటప్పుడు అన్నిటికన్నా చివర అది వదలాలి. అంటే కరెంటు లోపలికి రాకముందే రక్షణ వచ్చేసి ఉండాలి. అలాంటి పిన్నుని మనవాళ్లు హమ్ తగ్గుతుందని కోసేస్తారు. నిజంగా తగ్గుతుంది, అదే వచ్చిన చిక్కు. తగ్గకపోతే ఎవరూ కోసేవారు కాదు.

ఎందుకు తగ్గుతుంది? ఫంక్షన్ హాల్లోనో చర్చిలోనో చూడండి. మీ ఆంప్ స్టేజీ పక్క సాకెట్‌లో ఉంది. మిక్సర్ హాలు వెనకాల వేరే సాకెట్‌లో ఉంది. ఆంప్ లైన్ అవుట్ నుంచి మిక్సర్‌కి పొడుగాటి కేబుల్ వేశారు. ఆంప్‌కి ఒక ఎర్త్, మిక్సర్‌కి ఒక ఎర్త్. ఆ రెండు ఎర్త్‌ల మధ్య కొద్దిపాటి వోల్టేజీ తేడా ఎప్పుడూ ఉంటుంది. ఆ తేడా మీ ఆడియో కేబుల్ షీల్డ్ గుండా కరెంటును తోస్తుంది. అదే షీల్డ్ మీ సిగ్నల్‌కి తిరుగు దారి కూడా. రెండూ కలిసిపోయి స్పీకర్లోంచి హమ్ వస్తుంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. ఆంప్ ఎర్త్ పిన్ను కోస్తే లూప్ తెగుతుంది, హమ్ ఆగుతుంది, అందరూ 'హమ్మయ్య' అంటారు.

ఇప్పుడు ఆలోచించండి. గిటార్ తీగలు బ్రిడ్జి వైరు ద్వారా కేబుల్ షీల్డ్‌కి, షీల్డ్ నుంచి ఆంప్ చాసిస్‌కి, అంటే దాని లోహపు చట్రానికి కలిసి ఉన్నాయి. చాసిస్‌కి దిక్కు ఆ ఎర్త్ పిన్నే. ఆంప్ లోపల ఏదో ఒక రోజు ఇన్సులేషన్ పాడై ఫేజు చాసిస్‌కి తగిలితే, పిన్ను ఉన్నప్పుడు ఫ్యూజు ఎగిరిపోతుంది. పిన్ను లేకపోతే? తీగల మీద 230 వోల్టులు. మీ చేతులు తీగల మీద. పాడటానికి మూతి మైకుకి ఆనించారు. మైకు మిక్సర్ ద్వారా సరైన ఎర్త్‌కి కలిసి ఉంది. కరెంటు చేతిలోంచి గుండె మీదుగా మూతికి వెళ్తుంది. ఇందుకే మైకు దూరంగా పెట్టుకుంటానన్నాను, ఈ హాలు వైరింగ్ నేనింకా చూడలేదు.

ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందం గిటారిస్టు కీత్ రిచర్డ్స్ అమెరికాలోని శాక్రమెంటోలో గిటార్ మైక్ స్టాండ్‌కి తగిలి స్టేజీ మీదే స్పృహ తప్పి పడిపోయారు. ఆయన బతికారు. 1972 మేలో బ్రిటన్‌లోని స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ బృందం గిటారిస్టు లెస్ హార్వే స్టేజీ మీద ఎర్త్ సరిగా లేని మైకు పట్టుకున్నారు. ఆయన బతకలేదు. మన దగ్గర మైకు మూతికి తగిలితే చురుక్కుమంటోందని సింగర్లు ఎంతమంది అనరు? 'ఏం కాదులే అక్కా, ఒక గుడ్డ చుట్టుకో' అనేవాళ్లు ఎంతమంది లేరు? ఆ చురుకే మీకు అందే హెచ్చరిక. అక్కడే ప్రోగ్రామ్ ఆపాలి.

మరి లూప్ ఎలా తెంపాలి? సిగ్నల్ వైపు తెంపాలి, కరెంటు వైపు ఎప్పుడూ తెంపకూడదు. మొదటి ఉపాయం, ఆంప్‌కీ పెడల్స్‌కీ మిక్సర్‌కీ ఒకే బోర్డు నుంచి కరెంటు తెచ్చుకోవడం. అన్నిటికీ ఎర్త్ ఒకే చోట కలుస్తుంది, తేడా మాయమవుతుంది. అది కుదరకపోతే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ అనే చిన్న పెట్టెను ఆంప్‌కీ మిక్సర్‌కీ మధ్యలో పెట్టండి. దాని మీద గ్రౌండ్ లిఫ్ట్ అనే చిన్న స్విచ్ ఉంటుంది. అది నొక్కితే షీల్డ్ దారి తెగుతుంది, సిగ్నల్ ట్రాన్స్‌ఫార్మర్ గుండా అయస్కాంతంగా దాటుతుంది, ఆంప్ ఎర్త్ ఎక్కడిదక్కడే ఉంటుంది. గ్రౌండ్ లిఫ్ట్ అంటే ఇది. ప్లగ్గు పిన్ను కోయడం కాదు.

పిన్ను ఉంది కదా అని కూడా నిశ్చింత పడొద్దు. వెనక ఎర్త్ ఉందా లేదా? మన ఊళ్లలో దొరికే చవక ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి విప్పి చూడండి. సాకెట్ త్రీపిన్నే, లోపల వచ్చే వైరు మాత్రం రెండు పోగులది. ఎర్త్ కన్నం ఉంటుంది, దానికి ఏమీ తగిలించి ఉండదు. త్రీపిన్‌ని టూపిన్‌గా మార్చే మల్టీప్లగ్గుల్లోనూ అంతే. జనరేటర్ వాళ్లు ఒక్కోసారి ఎర్త్ రాడ్డే పాతరు. అడగండి. మొహమాటపడకండి.

సాకెట్ చూడటానికి మల్టీమీటర్ చాలు. ఏసీ వోల్టుల మీద పెట్టి, ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య చూడండి, 230 దరిదాపుల్లో ఉండాలి. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య కూడా ఇంచుమించు అంతే రావాలి. 90, 110 అని తేలుతూ కనబడితే ఎర్త్ తెగిపోయింది. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి నుంచి మూడు వోల్టులు ఉంటే ఫరవాలేదు. మరీ ఎక్కువ ఉంటే ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి. లోడు మీద కూడా కచ్చితంగా సున్నా చూపిస్తుంటే నాకు ఇంకో అనుమానం. ఎవరో సాకెట్ వెనకాల న్యూట్రల్ నుంచి ఎర్త్‌కి చిన్న వైరు ముక్క వేసేసి ఉంటారు. అది చాలా ప్రమాదం. న్యూట్రల్ ఎక్కడైనా ఊడిందంటే మీ ఆంప్ చాసిస్ మొత్తం ఫేజు అవుతుంది. వేళ్లు వణికేవాళ్లు, అలవాటు లేనివాళ్లు ఈ కొలతలు తీయొద్దు. తెలిసినవాళ్ల చేత తీయించండి.

వేసవిలో హమ్ పెరిగిందని రాయలసీమ వైపు నుంచి ఫోన్లు వస్తుంటాయి. ఇంటి వెనక ఎర్త్ గుంత ఉంటుంది కదా, ఉప్పు, బొగ్గు వేసి పాతింది. మే నెలలో అది ఎండి పగులు బారుతుంది. ఎర్త్ పట్టు సడలుతుంది. రెండు బిందెల నీళ్లు పోయండి. నవ్వకండి, నిజంగానే చెబుతున్నాను. గిటార్ సంగతి పక్కన పెట్టినా, ఇంట్లో గీజరుకీ ఫ్రిజ్‌కీ కూడా అదే ఎర్త్. దాంతో పాటు మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో చూసుకోండి. కరెంటు ఒంటి గుండా దారి తప్పితే రెప్పపాటులో కట్ చేసేది అదే.

ప్రశ్నలు

నాయిస్ గేట్ కొంటే ఇవన్నీ అక్కర్లేదు కదా అని అడుగుతున్నారు ఇక్కడ. గేట్ ఏం చేస్తుంది? మీరు వాయించనప్పుడు తలుపు మూస్తుంది. వాయించినప్పుడు తెరుస్తుంది, అప్పుడు నోటుతో పాటు గుర్రు కూడా బయటికి వస్తుంది. నోటు పెద్దది కాబట్టి చెవికి ఆనదు. కానీ నోటు సన్నబడుతూ ఆగిపోయేటప్పుడు తోక కత్తిరించినట్టు వినబడుతుంది. అన్నీ సరిచేశాక, హై గెయిన్ వల్ల మిగిలే ఉస్సు ఉంటుంది చూశారా, దానికి గేట్ మంచిది. ఆ ఉస్సు ఎలాగూ పూర్తిగా పోదు. వెయ్యి రెట్లు పెంచితే రెసిస్టర్లలో సహజంగా ఉండే చిన్న సవ్వడి కూడా వెయ్యి రెట్లవుతుంది. అసలు గెయిన్ నాబ్ ఒక గీత వెనక్కి తిప్పి చూడండి. స్టేజీ మీద డ్రమ్స్ పక్కన ఆ ఒక్క గీత తేడా ఎవరికీ తెలియదు, ఉస్సు మాత్రం బాగా తగ్గుతుంది.

ఫోన్ దగ్గర పెడితే 'టిటిట్-టిటిట్' అని వచ్చేది కదా, ఇప్పుడు రావడం లేదెందుకు అంటున్నారు. అది పాత 2జీ ఫోన్ల పని. అవి సెకనుకు సుమారు 217 సార్లు పల్స్ కొట్టేవి. ఇప్పటికీ సిగ్నల్ అందని ఊళ్లలో ఫోన్ 2జీకి దిగితే వస్తుంది. ఫోన్ జేబులోంచి తీసి దూరంగా పెట్టండి, దానికి మించిన చికిత్స లేదు.

ఇంకొకరు, అమ్మాయి, వెనక నుంచి. చర్చిలో అకూస్టిక్ గిటార్ వాయిస్తాను, చెయ్యి తీస్తే బజ్, పెడితే లేదు, అది సింగిల్ కాయిల్ కాదు కదా అంటోంది. బాగా అడిగావమ్మా. నీ గిటార్‌లో బ్రిడ్జి కింద ఉండేది పియెజో పికప్. దానికి రాగి తీగ చుట్ట లేదు కాబట్టి హమ్ అంతగా దూరదు. కానీ దాని ఇంపిడెన్స్, అంటే కరెంటుకి ఇచ్చే అడ్డు, చాలా ఎక్కువ, అందుకని విద్యుత్ క్షేత్రానికి, అంటే బజ్‌కి చాలా సున్నితం. చెయ్యి పెడితే తగ్గుతోందంటే తీగల గ్రౌండ్ పని చేస్తోంది. పియెజో నుంచి ప్రీఆంప్‌కి, అంటే గిటార్ లోపలే సిగ్నల్ పెంచే చిన్న సర్క్యూట్‌కి వెళ్లే సన్న వైరు షీల్డ్ ఊడి ఉండొచ్చు, అది మొదట చూడాలి. అంతకన్నా ముందు 9 వోల్టుల బ్యాటరీ మార్చావా? ఎప్పుడో మార్చావా! బ్యాటరీ నీరసపడితే శబ్దం చిట్లినట్టు, గరగరలాడుతూ వస్తుంది, దాన్నే బజ్ అనుకునేవాళ్లు చాలామంది. ముందు అది మార్చు. వాయించనప్పుడు కేబుల్ పీకెయ్యి, పిన్ను గుచ్చి ఉన్నంతసేపూ ప్రీఆంప్ బ్యాటరీ తాగుతూనే ఉంటుంది. అయినా బజ్ పోకపోతే చర్చిలో మిక్సర్‌కి డీఐ బాక్స్ ద్వారా వెళ్తోందో, నేరుగా వెళ్తోందో చూసి చెప్పు.

గిటార్లు తెచ్చుకున్నవాళ్లు ఈ బల్ల దగ్గరికి రండి. వచ్చేటప్పుడు మీ కేబుళ్లు కూడా తెచ్చుకోండి, నా కేబుల్‌తో చూస్తే మీ జబ్బు తెలియదు. సాకెట్ మాత్రం ముందు నేను మీటర్ పెట్టి చూస్తాను, అందాకా ఎవరూ గుచ్చకండి.